పలనాటి బడులు - పలనాటి పరిశ్రమలు
(సంఘసభ్యుల అభ్యాసమునకై వ్రాయబడిన పాఠము)

పండించిన పంటను ఎచ్చట, ఎప్పుడు, ఏ ధరకు అమ్మవలయునో రైతు పదిమందిని విచారించి గాని నిర్ణయింపడు. కాని తన బిడ్డ యే చదువు చదివిన ఎట్టి జీవనము లభించునో విచారించు రైతులు మనలో కొలదిమంది మాత్రమే యున్నారు. పొరుగింటి పిల్లవాడు ఏ కళాశాలలో చేరెనో మనవాడును అందులోనే చేరవలయుననుట నేటి మన విచారణ. ఇది విత్తనము చూడకయే విత్తుటవంటిది. బడిలో నేర్పు విద్యకును, మన చుట్టునున్న పరిశ్రమలకును సంబంధము కల్పించుట ఎట్లు, అందులో సహకార సంఘము చేయదగిన పని యేమి యను విషయములను ఈ పాఠమున వివరింతుము. దీనిని సంఘ సమావేశమున ఒకరు చదువగా తక్కినవారు విని, చివరనున్న ప్రశ్నలను చర్చింపవలెనని మా కోరిక.

1. ప్రస్తుత స్థితి

మన ప్రాంతమున బిడ్డల చదువునకు రైతు చేయు వ్యయము సేద్యపు వ్యయమునకు తీసిపోవుట లేదు. పత్తియు, మిరపయు అమ్మగా వచ్చిన సొమ్ములో పెద్దభాగము గుంటూరు, విజయవాడ, హైదరాబాదు నగరములలోని కళాశాలల జీతములకును, వసతిగృహముల బాడుగలకును పోవుచున్నది. అది చాలని యెడల పొలము తాకట్టుపడును. ఇంత వ్యయపడి పట్టము చేతబట్టుకొని యింటికి వచ్చిన యువకునకు తగిన ఉద్యోగము దొరకుట అరుదు. పొలమునకు పోవుటకు నామోషీ. పోయినను పని తెలియదు. తండ్రికి అప్పు మిగులును, కొడుకునకు దిగులు మిగులును.

ఇదే సమయమున ఆ గ్రామమునకు ఆమడ దూరములో సిమెంటు కర్మాగారము నడుచుచుండును, పత్తి గింజలు తీయు మిల్లు నడుచుచుండును, శీతలగిడ్డంగి నడుచుచుండును. వానిలో విద్యుద్యంత్రములు బాగుచేయువాడును, సరకును పరీక్షించువాడును, లెక్కలు వ్రాయువాడును కావలయును. మన పిల్లలకు ఆ పనులు తెలియనిచో యాజమాన్యమువారు తెలిసినవారిని దూరప్రాంతములనుండి రప్పించుకొందురు. అందుకు వారిని నిందించి ప్రయోజనము లేదు. గనులకు భూమినిచ్చినది మన గ్రామములు. ధూళిని పీల్చుచున్నది మన జనము. బరువులు మోయు కూలిపని మాత్రమే మనకు దక్కి, నైపుణ్యముగల పనికి తగు జీతము పరులకు పోవుట న్యాయము కాదు. ఈ అన్యాయమును తొలగించు మార్గము బడిలోనే ప్రారంభము కావలయును.

2. మన నేల, మన పరిశ్రమలు

పూర్వము ఒక మహాకవి పలనాటికి వచ్చి ఇచ్చటి రాళ్ళను, జొన్నకూటిని చూచి పరిహసించెనని చెప్పుకొనుట వాడుక. ఆ పరిహాసమునకు గురియైన రాళ్ళే నేడు ఈ సీమకు భాగ్యమైనవి. ఇచ్చటి నేల క్రింద సున్నపురాయి విస్తారముగా నున్నది. మాచర్లలో కె.సి.పి. వారి సిమెంటు కర్మాగారము 1958లో పని ప్రారంభించెను. తరువాత దాచేపల్లి, నడికుడి ప్రాంతములందును సిమెంటు కర్మాగారములు వెలసినవి. పిడుగురాళ్ళ సున్నపు బట్టీలకు దేశమంతట ప్రసిద్ధి కెక్కినది. మాచర్ల ప్రాంతపు నాపరాళ్ళు ఇండ్లలో పరచుటకు దూరదేశములకు సైతము పోవుచున్నవి.

రెండవది నీరు. నాగార్జునసాగరమునకు 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. కుడికాలువ వలన వరియు, పత్తియు, మిరపయు విస్తరించినవి. వానిననుసరించి బియ్యపు మిల్లులు, పత్తి మిల్లులు, నూలు మిల్లులు, శీతలగిడ్డంగులు వచ్చినవి. కుడికాలువ తలకడ 30 మెగావాట్ల యంత్రములు మూడింటితో 90 మెగావాట్ల విద్యుత్కేంద్రమున్నది. యడ్లపాడు మండలము వంకాయలపాడు వద్ద సుగంధద్రవ్యముల బోర్డువారి పార్కు ఉన్నది. మిరపపంటను పొడిగాను, తైలముగాను మార్చి విదేశములకు పంపు పరిశ్రమలకై అది యేర్పడినది.

2022 ఏప్రిల్ 4వ తేదీన నరసరావుపేట ముఖ్యస్థానముగా పల్నాడు జిల్లా యేర్పడినది. జిల్లా కార్యాలయములు, వానిలోని విద్యాధికారులు, పరిశ్రమల శాఖవారు మనకు దగ్గరకు వచ్చిరి. పూర్వము గుంటూరు వరకు పోవలసిన పనికి నేడు నరసరావుపేటకు పోయిన చాలును. ఈ అవకాశమును వినియోగించుకొనుట మన చేతిలో నున్నది.

3. పెద్దలు చూపిన దారులు

చేతిపనిని చదువుతో చేర్చుట క్రొత్త సంగతి కాదు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, పట్టాభి సీతారామయ్యగారు మొదలైన పెద్దలు బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. అందు సాహిత్యము, శాస్త్రము, చిత్రలేఖనములతోపాటు నేత, వడ్రంగము, యంత్రపుపని మొదలైనవి నేర్పబడెను. చదువుకొన్నవాడు గుమాస్తా పనికై వేచియుండక తన చేతులమీద బ్రతుకవలయునని వారి సంకల్పము. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు శారదానికేతనమును స్థాపించి బాలికలకు విద్యతోపాటు వృత్తులు నేర్పించిరి. 1937 అక్టోబరులో వార్ధాలో గాంధీమహాత్ముని ఆధ్వర్యమున జరిగిన విద్యాసభ, ఒక చేతిపని కేంద్రముగా తక్కిన పాఠములన్నియు నేర్పవలయునని నిర్ణయించెను. 1964-66 సంవత్సరములలో పనిచేసిన కొఠారీ సంఘమును పని అనుభవమును విద్యలో భాగము చేయుమనెను.

ఇన్ని మంచి యత్నములు ఏల వేళ్ళూనలేదని అడుగవచ్చును. జాతీయ విద్యాలయముల పట్టములకు ప్రభుత్వోద్యోగములలో విలువ లేకుండుట ఒక కారణము. బడిలో నేర్పిన చేతిపనికిని ఊరిలో గిరాకియున్న పనికిని పొత్తు కుదరకుండుట రెండవ కారణము. రాట్నము ఒక మూలను, పుస్తకము ఒక మూలను ఉండి, ఒకదానితో ఒకటి మాటాడకుండెను. నేర్పు ఉపాధ్యాయునకు ఆ పని రాకుండుట మూడవది. మనము చేయబూనిన ప్రయత్నమున ఈ మూడు లోపములను తప్పించుకొనవలయును.

ఇతర దేశముల సంగతి చూతము. 1844లో ఇంగ్లండులోని రాచ్‌డేల్ పట్టణమున నేతపనివారు మొదలైన శ్రామికులు కలిసి సహకార దుకాణమును స్థాపించిరి. మన సహకార సూత్రములకు మూలము అదియే. వారు తరువాత తమ లాభములో నూటికి రెండున్నర వంతు విద్యకై ప్రత్యేకించి గ్రంథాలయమును, పఠనమందిరమును నడపిరి. అదే 1844లో డెన్మార్కు దేశమున రోడింగ్ గ్రామములో రైతుబిడ్డలకొరకు మొదటి జానపద ఉన్నత పాఠశాల ప్రారంభమాయెను. గ్రుంట్విగ్ అను పెద్ద దానికి ప్రేరకుడు. అట్టి పాఠశాలలు దేశమంతట వ్యాపించిన పిమ్మట, 1882లో హ్యెడింగ్ గ్రామమున మొదటి సహకార పాలకేంద్రము నెలకొనెను. చదువుకొన్న రైతులే దానిని నడపగలిగిరి. ధాన్యపు ధర పడిపోయిన ఆ కాలమున డెన్మార్కు రైతు వెన్న అమ్మి నిలద్రొక్కుకొనుటకు ఆ బడులు ఎంతయో తోడ్పడెను.

జర్మనీలో మరియొక పద్ధతి కలదు. అచ్చట వృత్తి నేర్చుకొను యువకుడు వారములో కొన్ని దినములు కర్మాగారమునందును, తక్కిన దినములు బడియందును గడపును. మ్యూనిక్ నగరమున కెర్షెన్‌స్టైనర్ అను విద్యాధికారి 1900 ప్రాంతమున ఈ బడులను చక్కబరచెను. 1969లో దేశమంతటికిని ఒకే చట్టము చేయబడెను. మన దేశముననే మహారాష్ట్రమున ప్రవర తీరమునందు విఠలరావు విఖే పాటిల్ గారు రైతుల సహకార చక్కెర కర్మాగారమును స్థాపించిరి. 1950 ప్రాంతమున అది చెరకు ఆడసాగెను. పిమ్మట ఆ ప్రాంతముననే రైతుబిడ్డలకు పాఠశాలలు, సాంకేతిక విద్యాలయములు వెలసినవి. కర్మాగారము, సహకార సంఘము, బడి ఈ మూడును ఒకే ఊరివారి చేతిలో నుండిన ఎంత మేలు కలుగునో దీనివలన తెలియుచున్నది.

4. పాఠమునకును పనికిని పొత్తు

పరిశ్రమతో సంబంధమనగా బడిలో యంత్రములు నిలుపుటయని కొందరు భయపడుదురు. అది ప్రారంభమున అవసరము లేదు. ఇప్పుడున్న పాఠములనే ఊరి పనితో ముడివేసి చెప్పిన చాలును. కొన్ని ఉదాహరణములు చూడుడు.

సున్నపు బట్టీ. సున్నపురాతిని కాల్చిన సున్నమును, బొగ్గుపులుసు వాయువును వచ్చునని రసాయనశాస్త్రమున పిల్లలు కంఠస్థము చేయుదురు. పిడుగురాళ్ళ పిల్లవాడు ఆ పనిని ఇంటి యెదుటనే చూచుచున్నను, పుస్తకములోనిది వేరు, బట్టీలోనిది వేరు అనుకొనును. ఉపాధ్యాయుడు ఇట్లు చెప్పవలయును: శుద్ధమైన సున్నపురాయి 100 కిలోలు పూర్తిగా కాలినచో 56 కిలోల సున్నము వచ్చును, తక్కిన 44 కిలోలు వాయువై గాలిలో కలియును. బట్టీలో అంతకు తక్కువ వచ్చినచో, రాయి శుద్ధమైనది కాదా, సరిగా కాలలేదా యని విచారింపవలయును. ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవానినే కర్మాగారమువారు పరీక్షకుడని పిలిచి జీతమిత్తురు. సున్నము కాలుటకు సుమారు 900 డిగ్రీల వేడి చాలును. సిమెంటునకు కావలసిన క్లింకరు తయారగుటకు సుమారు 1450 డిగ్రీలు కావలయును. ఆ భేదమెందులకో తెలిసికొనగోరు పిల్లవాడు రసాయనశాస్త్రమును ఇష్టముతో చదువును.

పత్తి. పత్తి బేలు 170 కిలోలు. గింజపత్తిలో దూది నూటికి సుమారు 34 వంతులు వచ్చునని పెట్టుకొన్నచో, ఒక బేలునకు 500 కిలోల గింజపత్తి కావలయును. తక్కినది చాలమట్టుకు గింజ. గింజకు నూనె మిల్లులలో ధర కలదు. ఈ లెక్క తెలిసిన పిల్లవాడు దూది ధరను, గింజ ధరను పత్రికలో చూచి, గింజపత్తికి ఏ ధర న్యాయమో తండ్రికి చెప్పగలడు.

తేమ. ఇది మన రైతులందరును తప్పక తెలిసికొనదగిన లెక్క. 100 కిలోల పత్తిలో తేమ నూటికి 12 వంతులున్న యెడల, అందులో నీరు పోగా మిగులు సరకు 88 కిలోలు. ఆ పత్తియే ఆరి తేమ 8 వంతులకు దిగినచో దాని తూకము 88ని 0.92చే భాగింపగా సుమారు 95 కిలోల 650 గ్రాములు. అనగా వ్యత్యాసము 4 కిలోల 350 గ్రాములు. కొనువాడు 12 వంతుల తేమకు అంతకుమించి తరుగు తీసినచో అది లెక్కకు మించిన తరుగు. తేమను చూచు యంత్రము ఏమంత వెలగలది కాదు. అది సంఘమునందొకటి యుండి, పదవ తరగతి పిల్లలు దానిని వాడుట నేర్చినచో, బడిచదువు ఆ దినముననే రైతునకు డబ్బు మిగుల్చును.

మిరప. కాయలను తేమ నూటికి 10, 11 వంతులకు వచ్చువరకు ఎండబెట్టవలయునని శాస్త్రజ్ఞులు చెప్పుదురు. తడికాయలకు బూజుపట్టి అఫ్లాటాక్సిన్ అను విషము చేరినచో విదేశములవారు సరకును త్రిప్పిపంపుదురు. కాయ రంగును, కారమును కొలుచుటకు పరీక్షాశాలలు కలవు. 334 రకమును ఎఱుగని మిరపరైతు మనలో లేడు. అది గుంటూరు చెంతనున్న లాం పరిశోధనస్థానమున రూపొందినదని పిల్లలకు చెప్పువారు తక్కువ. 2021-22 పంటకాలమున నల్లతామర పురుగు మిరపతోటలను ఎట్లు పాడుచేసినదో మనమందరము చూచితిమి. పురుగును ముందుగా గుర్తించుట, నీలిరంగు జిగురు అట్టలపై పడిన పురుగులను లెక్కించి వ్రాసి పెట్టుట పదమూడేండ్ల పిల్లవాడు చేయగల పని. జంతుశాస్త్ర పాఠమునకు అంతకన్న మంచి ప్రయోగశాల లేదు.

కాలువ. ఒక క్యూసెక్కు నీరు 24 గంటలు పారిన సుమారు 2 ఎకరపు అడుగులగును. అనగా రెండెకరములలో అడుగు లోతున నిలుచును. రెండంగుళముల తడికి అది సుమారు 12 ఎకరములకు చాలును. ఈ చిన్న లెక్క తెలిసిన యువకులు కాలువ చివరి గ్రామములలో నలుగురున్నచో, వంతుల తగవులు సగము తగ్గును. నీటిని కొలుచుట, పంపులు బాగుచేయుట, మోటారు చుట్టుట ఇవన్నియు జీతము తెచ్చు విద్యలే.

నాపరాయి. చదరపు అడుగుల లెక్క, కోతలో పోవు తరుగు, మెరుగుపెట్టుటకు పట్టు కాలము, లారీ బాడుగ చేర్చి ధర కట్టుట గణితమున మంచి అభ్యాసములు. రాయి కోయుట మాత్రమే తెలిసినవాడు కూలివాడగును. ధర కట్టుట తెలిసినవాడు వర్తకుడగును.

5. ఏ వయసున నేది

ఆరవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు చూచుట ముఖ్యము. 2020 జాతీయ విద్యావిధానము ఈ తరగతుల పిల్లలకు పది దినములు పుస్తకముల సంచి లేకుండ స్థానికపు పనివారివద్ద పని తెలిసికొను ఏర్పాటు ఉండవలయునని చెప్పినది. ఆ పది దినములను ఆటవిడుపుగా గడపక, ఒక దినము మిల్లు, ఒక దినము శీతలగిడ్డంగి, ఒక దినము కాలువ, ఒక దినము వడ్రంగి కొట్టము, ఒక దినము మన సహకార సంఘపు కచేరి చూపింపవలయును. చూచిన దానిని పిల్లలు తెలుగులో వ్రాయవలయును.

తొమ్మిది, పది తరగతులలో లెక్కించుట, కొలుచుట, వ్రాసిపెట్టుట నేర్పవలయును. పైన చెప్పిన తేమ, నీరు, రాయి లెక్కలు ఈ వయసునకు తగినవి. పనికి దింపుట ఇంకను తగదు.

పది ముగిసిన పిమ్మట దారులు చీలును. ఐ.టి.ఐ.లో ఒకటి లేక రెండు సంవత్సరములలో విద్యుత్తు, ఫిట్టరు, వెల్డరు మొదలైన పనులు నేర్వవచ్చును. పాలిటెక్నిక్ డిప్లమా మూడు సంవత్సరములు. దానికి ప్రవేశపరీక్ష కలదు. ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయము క్రింద రెండు సంవత్సరముల వ్యవసాయ పాలిటెక్నిక్ కలదు. ఇంటర్మీడియేటులో వృత్తివిద్యా శాఖలు కలవు. ఈ దారులు పట్టినవానికి పైచదువు మూతపడునను భయము నిజము కాదు. పాలిటెక్నిక్ ముగించినవాడు ఈసెట్ పరీక్ష ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరమున చేరవచ్చును. వ్యవసాయ డిప్లమా పొందినవాడు అగ్రిసెట్ ద్వారా వ్యవసాయ పట్టమునకు పోవచ్చును.

శిక్షార్థి చట్టమును ప్రతి సభ్యుడును తెలిసికొనవలయును. 1961లో చేయబడిన ఈ చట్టము ననుసరించి కర్మాగారములు యువకులను శిక్షార్థులుగా తీసికొని, పని నేర్పుచు, నెలసరి భృతి నీయవలయును. 2019లో సవరింపబడిన నియమముల ప్రకారము 30 మంది, లేక అంతకుమించిన పనివారున్న సంస్థ తన సిబ్బందిలో నూటికి రెండున్నర మొదలు పదునైదు వంతుల వరకు శిక్షార్థులను తీసికొనుట విధి. ఇది యాజమాన్యమువారి దయాధర్మము కాదు. చట్టము విధించిన బాధ్యత. కాని అడుగనిదే అమ్మయైనను అన్నము పెట్టదు. మన జిల్లాలోని మిల్లులలో ఎన్ని శిక్షార్థి స్థానములున్నవో, ఎన్ని ఖాళీగా నున్నవో విచారించి అడుగువారు కావలయును.

6. కొన్ని ఆక్షేపణములు, కొన్ని జాగ్రత్తలు

"గొప్పవారి బిడ్డలు డాక్టర్లు కాగా, మా బిడ్డలు మిల్లులో పనివారు కావలయునా?" యని యొక సభ్యుడు అడుగవచ్చును. ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. తెలివియు, ఆసక్తియు కలిగి ఉన్నతవిద్యకు పోగల బిడ్డను ఎవ్వరును ఆపరాదు. మేము చెప్పునది వేరు. అన్ని వివరములు తెలిసి ఒక దారి ఎన్నుకొనుట ఒకటి. వేరు దారి కలదని తెలియక ఒకే దారిన తోసికొనిపోవుట మరియొకటి. మోటారు లోపల ఏమున్నదో చూచిన పిల్లవాడే మంచి ఇంజనీరు కాగలడు. చేతిపని తెలిసినంతమాత్రమున ఉన్నతవిద్యకు నష్టము లేదు.

రెండవ ఆక్షేపణ ఇంకను గట్టిది. ఈ పేరుతో కర్మాగారములకు చవుకగా పిల్లల కష్టము దొరకునేమో? ఇచ్చట సంఘము కన్ను మూయరాదు. 1986 నాటి బాలకార్మిక చట్టమునకు 2016లో జరిగిన సవరణ ప్రకారము 14 ఏండ్ల లోపు పిల్లలను ఏ పనిలోను పెట్టుకొనరాదు; ఇంటి పనిలో బడివేళలు కాని సమయమున తోడ్పడుటకు మినహాయింపు కలదు. 14 మొదలు 18 ఏండ్ల లోపువారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదు. శిక్షార్థియైనను ప్రమాదకరమైన వృత్తిలో 18 ఏండ్లు నిండవలయును. సున్నపు బట్టీ, రాతి గని, రాయి కోయు యంత్రము ఇవి పిల్లలు దూరమునుండి పెద్దల కాపుదలలో చూడదగినవే గాని చేయి పెట్టదగినవి కావు. రాతిధూళి ఊపిరితిత్తులను చెరచును; పోయిన ఊపిరి ఏ మందునకును తిరిగిరాదు. ధూళి అణచుటకు నీరు చల్లు ఏర్పాటు, ముసుగు, కంటి అద్దములు లేనిచోటికి మన బిడ్డలను పంపమని సంఘము స్పష్టముగా చెప్పవలయును. ఆ మాట వినిన యజమాని తన పనివారికిని ఆ ఏర్పాటులు చేసిన మరింత మేలు.

మూడవది, ఒకే కర్మాగారమునకు సరిపడు చిన్న నేర్పు ఒక్కటియే నేర్పరాదు. యంత్రము మారినచో, మిల్లు మూతపడినచో ఆ నేర్పు వ్యర్థమగును. గణితము, విద్యుత్తు, కొలతలు, లెక్కల చిట్టా, చదివి అర్థము చేసికొనుట ఎచ్చటనైనను చెల్లునవి. వీనిని విడిచి బడి కర్మాగారమునకు వాకిలి కాగూడదు.

నాలుగవది, బాలికల సంగతి. మిరపకాయల తొడిమలు తీయు పని చేయువారిలో అత్యధికులు స్త్రీలే. ఎండలోను, కారపు ఘాటులోను దినమంతయు కూర్చుండి వారు చేయు పనికి వచ్చునది దినకూలి. అదే సరకును పరీక్షించు గదిలో రంగును, తేమను కొలుచుట, గిడ్డంగి లెక్కలు వ్రాయుట చదువుకొన్న బాలిక చేయగలదు. పది ముగియగానే పెండ్లి తలపెట్టు తల్లిదండ్రులకు ఈ దారి చూపిన యెడల, వారు మరి రెండు మూడేండ్లు ఆగుదురని మా నమ్మకము.

ఐదవది, ఈ అవకాశములు భూమి గల సభ్యుల బిడ్డలకే పరిమితము కారాదు. మాచర్లలో బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టెనని మన సీమ గర్వముగా చెప్పుకొనును. పాలేరు బిడ్డయు, కౌలుదారు బిడ్డయు, రైతు బిడ్డతో సమముగా మిల్లు చూచుటకు పోవలయును, శిక్షార్థిగా చేరవలయును. అన్నమునకు పనికివచ్చిన పంక్తి విద్యకును పనికిరావలయును గదా.

7. సంఘము చేయదగిన పని

పెద్ద భవనములు, పెద్ద నిధులు లేకయే ఒక సంవత్సరములో ఈ క్రింది పనులు చేయవచ్చును.

(1) పాలకవర్గము ముగ్గురితో ఒక విద్యా ఉపసంఘము నేర్పరుచుట. అందు ఒక స్త్రీ తప్పక యుండవలయును. ప్రధానోపాధ్యాయుని సలహాదారుగా పిలువవలయును.

(2) సంఘ పరిధిలోను, చుట్టు పది పదునైదు కోసులలోను ఉన్న మిల్లులు, గిడ్డంగులు, కర్మాగారములు, మరమ్మతు దుకాణముల పట్టిక తయారుచేయుట. ప్రతిదానియెదుట అందు ఎట్టి పనులు కలవు, వానికి ఎంత చదువు కావలయును, జీతమెంత, శిక్షార్థులను తీసికొందురా యని వ్రాయుట. ఈ పట్టికను బడిగోడకును, సంఘపు గోడకును అంటించుట. ఈ ఒక్క పని సక్రమముగా చేసినను సగము మేలు జరిగినట్లే.

(3) పంట చేతికి వచ్చి మిల్లులు నడుచు నెలలలో పిల్లలను తీసికొనిపోవుట. యజమానితో ముందుగా మాటాడి, ఒక పనివాడు నిలిచి వివరించునట్లు ఏర్పాటు చేయుట. వాహనమును, భోజనమును సంఘము భరించుట.

(4) సంవత్సరమునకు నాలుగుసార్లు పని తెలిసినవారిని బడికి పిలుచుట. మోటారు చుట్టువాడు, రాయి కోయు మేస్త్రి, గిడ్డంగి గుమాస్తా, మన సంఘ కార్యదర్శి వచ్చి ఒక గంట మాటాడిన చాలును. మేస్త్రికి ఉపాధ్యాయుని ప్రక్కన కుర్చీ వేయుట మరువరాదు. చేతిపనికి గౌరవమని నూరుసార్లు చెప్పుటకంటె ఆ కుర్చీ యెక్కువ చెప్పును.

(5) తేమయంత్రమును, తక్కెడను సంఘము కొని, వానిని వాడుట పెద్ద తరగతుల పిల్లలకు నేర్పుట. సభ్యుల సరకును బజారునకు పోకముందే పరీక్షించి చీటీ యిచ్చుట.

(6) పదవ తరగతి పరీక్షలు ముగిసిన వారములో తల్లిదండ్రులను, పిల్లలను చేర్చి, ఐదవ భాగములో చెప్పిన దారులను వివరించుట. దరఖాస్తులు నింపుటకు తోడ్పడుట. గడువు తేదీలు దాటిపోవుటవలననే అనేకులు నష్టపడుచున్నారు.

(7) ఉపవిధులు అనుమతించిన మేరకు లాభములో కొంతభాగమును విద్యకై ప్రత్యేకించుట. రాచ్‌డేలు నేతపనివారు తమ పేదరికముననే ఈ పని చేసిరి. 1995లో అంతర్జాతీయ సహకార సమితి మాంచెస్టరులో ప్రకటించిన ఏడు సూత్రములలో ఐదవది విద్య, శిక్షణ, సమాచారము. కావున ఇది సంఘమునకు వెలుపలి పని కాదు.

సంవత్సరాంతమున మహాజనసభలో ఈ లెక్క చెప్పవలయును: ఎందరు పిల్లలు ఎన్ని చోట్లు చూచిరి, ఎందరు ఏ శిక్షణలో చేరిరి, ఎందరు మధ్యలో మానిరి, ఏల మానిరి. అప్పుల వసూలు లెక్క వినునంత శ్రద్ధతో సభ్యులు దీనిని వినవలయును. ఎందరు చేరిరను సంఖ్యకన్న ఏల మానిరను కారణమే మరుసటి సంవత్సరమునకు దారి చూపును.

8. ముగింపు

పలనాటి సున్నపురాయి పరిమితమైనది. తవ్విన కొలది తరుగును. సాగరపు నీరు వర్షముననుసరించి ఒక యేడు హెచ్చును, ఒక యేడు తగ్గును. పంటధర మన చేతిలో లేదు. వీనిలో దేనిని నమ్మి మన బిడ్డలు బ్రతుకవలయునన్నను, దానిని కొలువగల, లెక్కింపగల, బాగుచేయగల నేర్పు వారికి ఉండవలయును. ఆ నేర్పు నేర్పుటకు కావలసిన బడులు మన ఊళ్ళలోనే యున్నవి. పరిశ్రమలును మన ప్రక్కనే యున్నవి. రెంటినడుమ దారి మాత్రము వేయవలసియున్నది. ఊరికి డొంకదారి వేయుటకు మనము చేయి చేయి కలుపుట లేదా? ఈ దారికిని అట్లే కలుపుదము.

సంఘ సమావేశమున చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమునుండి గత ఐదేండ్లలో పదవ తరగతి ముగించినవారు ఇప్పుడు ఏమి చేయుచున్నారు? పేరు పేరున లెక్క తీయుడు.
2. మన గ్రామమునకు దగ్గరనున్న పరిశ్రమలలో నైపుణ్యముగల పనులలో మన ఊరివారెందరు? కూలిపనులలో ఎందరు?
3. 100 కిలోల పత్తిలో తేమ నూటికి 10 వంతులున్నచో, 8 వంతులకు ఆరిన పిమ్మట తూకమెంత? గత సంవత్సరము మనకు తీసిన తరుగు దీనికి సరిపోయినదా?
4. మన బాలికలు పది ముగించిన పిమ్మట చదువు మానుటకు కారణములేవి? అందులో సంఘము తొలగింపగలవి యేవి?
5. రాతిపనిలో, బట్టీపనిలో మన గ్రామమున 14 ఏండ్ల లోపు పిల్లలెవరైన ఉన్నారా? వారిని బడికి చేర్చుటకు ఎవరు బాధ్యత వహింతురు?
6. విద్యా ఉపసంఘమునకు ఎవరిని ఎన్నుకొందుము? మొదటి సమావేశము ఏ తేదీన?

ఆరవ ప్రశ్నకు సమాధానము వ్రాయక సమావేశమును ముగింపకుడు.